పదునెనిమిదవ శతాబ్దపు పాశ్చాత్యస్త్రీల వేషమును మన తీరపు వస్త్రమును



లండను నగరమందలి విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమునందును, హాలెండు దేశపు లేవార్డెన్ పట్టణమందలి ఫ్రీస్ మ్యూజియమునందును, కెనడాలోని టొరొంటో నగరపు రాయల్ అంటారియో మ్యూజియమునందును పదునెనిమిదవ శతాబ్దపు స్త్రీలు ధరించిన కొన్ని గౌనులు భద్రముగా కాపాడబడుచున్నవి. రెండువందల యేండ్లకు పైబడినను వానియందలి ఎఱుపు ఎఱుపుగనే యున్నది. తీగలును పువ్వులును నిన్న మొన్న వ్రాసినట్లు కానవచ్చుచున్నవి. గౌను కుట్టబడినది ఆంగ్లదేశమనియో హాలెండనియో అచ్చటి ఫలకము చెప్పును. వస్త్రము తయారైనది మాత్రము భారతదేశపు కోరమండల తీరమని ఆ ఫలకమే చెప్పును. ఆ గౌనును ధరించిన స్త్రీ పేరు ఒక్కొకచో తెలిసియుండును. ఆ వస్త్రమును నేసినవాని పేరు మాత్రము మనకు కానరాదు.

నేడు ఐరోపా, అమెరికా ఖండములలో పదునెనిమిదవ శతాబ్దపు స్త్రీవేషముపై మక్కువ గలవారు అనేకులు గలరు. వారు ఆనాటి కత్తిరింపులను పరిశోధించి, ఆనాటి కుట్లతోనే సూదిపట్టి, ఆ వేషమును మరల నిర్మించుచున్నారు. వారి శ్రద్ధ మెచ్చదగినది. అయినను ఆ వేషమునందు ముఖ్యమైనది కుట్టుపని కాదు, వస్త్రము. ఆ వస్త్రములలో మిక్కిలి కొనియాడబడినవానిలో నొకటి మన తెలుగుతీరమునుండి పోయినది. కావున ఆ వేషమును పూర్తిగా పునర్నిర్మించు పని మన మగ్గముల సాయము లేక నెఱవేరదు. ఈ సంగతిని మన కులస్థుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వేషముయొక్క స్వరూపము

ఆనాటి ఐరోపా స్త్రీ మొట్టమొదట తెల్లని నారవస్త్రపు లోనంగీని తొడిగెడిది. దానిపై తిమింగిలపు నోటియందలి సన్నని పలుకులను వరుసగా దూర్చి కుట్టిన బిగుతైన రవిక. నడుమునకు ఇరుప్రక్కల వెదురుబుట్టలవలె ఉబ్బెత్తుగా నుండు పంజరములను కట్టుకొని, వానిపై పావడను ధరించి, ఆపైని ముందువైపు తెఱచియుండు గౌనును వేసికొనెడిది. గౌను తెఱచియున్నచోట పావడ కనబడవలెను. కాన పావడయును లోబట్టగాక చూపుబట్టయే యయ్యెను. ఫ్రెంచి పద్ధతి గౌనునకు వీపున మెడనుండి నేలవఱకు వెడల్పైన మడతలు జాలువాఱుచుండెడివి. ఆంగ్ల పద్ధతి గౌను నడుమునకు హత్తుకొనియుండెడిది. 1770వ సంవత్సర ప్రాంతమున గౌను వెనుకభాగమును త్రాళ్లతో పైకెత్తి మూడు కుచ్చెళ్లుగా వ్రేలాడవిడుచు పోలండు పద్ధతి వచ్చెను. శతాబ్దాంతమున పంజరములును బిగుతు రవికయును క్రమముగా తొలగి, పలుచని మల్లుసెల్లా ప్రబలెను. 1783వ సంవత్సరమున ఫ్రాన్సు రాణి మేరీ ఆంటొయినెట్టు తెల్లని మల్లుగౌను ధరించిన పటమును చిత్రకారిణి విజె లె బ్రన్ పారిసు ప్రదర్శనమున నుంచగా, రాణి లోనంగీతో బయటికి వచ్చినదని జనులు గోలచేసిరి. ఆ పటమును తొలగింపవలసి వచ్చెను. పట్టు విడిచి నూలు కట్టుట రాణికే తప్పైనను, కొలది యేండ్లలో ఐరోపాయంతయు ఆ దారినే నడిచెను.

ఈ వేషమున మనమెఱుంగవలసిన గుణమొకటి కలదు. ఆ కాలమున కుట్టుకూలి స్వల్పము, గుడ్డవెల యధికము. పారిసు నగరమున స్త్రీల దుస్తులు కుట్టు స్త్రీలకు 1675లోనే ప్రత్యేక వృత్తిసంఘము ఏర్పడినను, వారికి ముట్టు కూలి గౌనువెలలో చిన్నభాగమే. కాబట్టి వారు గుడ్డను వృథాగా కోయువారు కారు. వెడల్పును మడతలుగా నణచి పైపైని కుట్టెడివారు. పట్టుగుడ్డ వెడల్పు సుమారు 20 అంగుళములే గాన, అంచునకంచు కలిపి కుట్టి, ఎన్ని గజములైనను నిలువుననే వాడెడివారు. వేషరీతి మాఱినప్పుడు కుట్లు విప్పి, ఆ గుడ్డనే మఱొక గౌనుగా మలచుకొనెడివారు. తల్లి గౌను కూతునకును, యజమానురాలి గౌను దాసికిని చేరుచుండెడిది. కోయని వస్త్రమును గౌరవించు జాతి మనది. చీర కట్టు మన ఇండ్లలో ఈ నీతిని వేఱుగా చెప్పనక్కఱలేదు. కత్తెరకు వెఱచి వస్త్రమును కాపాడిన ఆ స్త్రీలు మనకు అంత దూరపువారు కారు.

బార్బరా జాన్సన్ అను ఆంగ్లస్త్రీ యొకతె, మతాచార్యుని కుమార్తె, 1746 మొదలు 1823 వఱకు తాను కుట్టించుకొనిన ప్రతి దుస్తునుండి చిన్న గుడ్డముక్కను ఒక లెక్కలపుస్తకమున గ్రుచ్చి, ప్రక్కన గజము వెలయు, ఎన్ని గజములు పట్టినదియు వ్రాసియుంచెను. ఆ పుస్తకము విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నేటికిని గలదు. డెబ్బదియేడేండ్ల జీవితమును గుడ్డముక్కలతో చెప్పిన ఆ పుస్తకమును చూచినవారికి ఆనాటి స్త్రీ దృష్టి దేనిపై నుండెనో తేటపడును. ఆమె వ్రాసికొన్నది గుడ్డయొక్క పేరు, గుడ్డయొక్క వెల.

మన తీరపు చీటిగుడ్డ

పట్టునకు ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణమును, లండనునందలి స్పిటల్ ఫీల్డ్సు పేటయును ప్రసిద్ధములు. కాని ఉతికినను రంగుపోని పూలగుడ్డ వారిచేత కాలేదు. వారి రంగు నీటికి కరగిపోయెడిది, లేదా పిండివలె రాలిపోయెడిది. చీటిగుడ్డ బందరునుండి ఓడలలో దిగినప్పుడు ఐరోపా స్త్రీలకు కలిగిన ఆశ్చర్యము అందువలననే. తేలికగా నుండును, ఉదుకవచ్చును, ఉతికినకొలది ఎఱుపు తేటపడును, వెల పట్టుకంటె తక్కువ.

ఆంగ్లేయులు 1611లో బందరున వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. వారికి ముందే హాలెండువారును, పిదప 1669లో ఫ్రెంచివారును వచ్చిరి. హాలెండువారికి పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణములందును స్థానములుండెను. నరసాపురము చెంత మాధవయ్యపాలెమున ఆంగ్లేయుల కొట్టుండెను. ఆ యూరి పేరే ‘మడపొల్లాము’ అని ఒక తెల్లగుడ్డ పేరుగా ఐరోపాభాషలలో నిలిచిపోయినది. గోదావరి మండలమున మగ్గము దిగిన గుడ్డ ఊరి పేరునే సముద్రము దాటించినదన్న మాట. యానాము చెంతనున్న ఇంజరమునందును ఆంగ్లేయుల కొట్టుండెను. శ్రీకాకుళపు మల్లుసెల్లా సన్నదనమునకు పేరుపొందినది.

ఇక ఆ రంగుల రహస్యము. ఇది ఒకరి చేతిపని గాదు. పత్తి నేకి, రాట్నముపై సన్ననినూలు వడికినవారు స్త్రీలు. వీధిలో పడుగు చాపి, కుంచెతో గంజి పట్టించి, గుంటమగ్గమున కూర్చుండి పుంజముల లెక్క తప్పక నేసినవారు మన సాలీలు, దేవాంగులు, ఇతర నేతకులములవారు. చలువ చేసినవారు రజకులు. వ్రాసినవారు, అద్దినవారు పలు కులములవారు, పలు మతములవారు. ఇన్ని చేతులు కలసినగాని ఒక్క చీటిగుడ్డ కాదు. దీనిలో మన కులమునకు గల భాగమును మనము చెప్పుకొనవలెను. ఇతరుల భాగమును మనది యనరాదు.

చలువ చేసిన గుడ్డను కరక్కాయపొడియు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఎండవేయుదురు. పాలలోని కొవ్వు రంగు ప్రాకకుండ నాపును. ఇనుపతుక్కును బెల్లపునీటిలో పలుదినములు ఊఱవేయగా వచ్చు ద్రావకముతో గీత గీసినంతనే కరక్కాయ సారముతో గలసి నల్లనగును. ఎఱుపు వలసినచోట పటికనీరు పూయుదురు. కలము వెదురుపుల్ల, దానికి చుట్టిన ఉన్నిపేలికను నొక్కగా రంగు చుక్కచుక్కగా దిగును. పిమ్మట గుడ్డను చిరివేరు వేసిన నీటిలో ఉడికింతురు. పటిక యున్నచోటనే ఎఱుపు పట్టును. తక్కినచోట నంటిన రంగును పేడనీటిలో నానవేసి, ఇసుకతిన్నెలపై ఎండకు పఱచి, మాటిమాటికి నీరు చిలుకరించుచు పోగొట్టుదురు. నీలము కొఱకు గుడ్డకంతకు మైనము పూసి, నీలము వలసిన తావును మాత్రము విడిచి, నీలితొట్టిలో ముంచుదురు. మైనము కరగించి తీసిన పిదప పసుపుపచ్చని రంగును చేతితో వ్రాయుదురు. నీలముపై అది పడినచోట ఆకుపచ్చ యగును. ఎఱ్ఱని పువ్వునందు జుట్టువంటి తెల్లగీతలు కనబడిన, అవి తెల్లరంగుతో వ్రాసినవి కావు. మైనముతో కాపాడిన గుడ్డయొక్క స్వంత తెలుపు.

చిరివేరు మన తీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్నమొక్క వేరు. కృష్ణానది ముఖమున పెత్తపల్లి, అనగా నేటి నిజాంపట్టణము, ఈ వేరునకు ప్రసిద్ధి. పదునేడవ శతాబ్దారంభమున బందరున నున్న ఆంగ్లవర్తకుడు విలియం మెథ్వోల్డు ఈ సంగతిని వ్రాసియుంచెను. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్సుబర్గు ఈ మొక్కను తన కోరమండల తీరవృక్షముల గ్రంథమున వర్ణించెను. ఆ గ్రంథము మొదటి సంపుటము 1795లో వెలువడెను.

ఐరోపావారు ఈ విద్యను తెలిసికొనుటకు పడిన పాట్లు వినదగినవి. 1734వ సంవత్సర ప్రాంతమున బొల్యూ అను ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో రంగుపనివారి ప్రక్కన నిలిచి, ప్రతి దశయందును గుడ్డముక్క నొకదానిని కత్తిరించి వివరములతోగూడ స్వదేశమునకు పంపెను. ఆ ముక్కలు నేటికిని పారిసునందున్నవి. 1742లో జెసూట్ గురువు కూర్దూ తన మతములో చేరిన పనివారిని అడిగి పద్ధతినంతయు లేఖలో వ్రాసి పంపెను. ఈయన తెలుగు నేర్చినవాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతముల నిఘంటువును కూర్చినవాడు. గ్రంథమునకెక్కని మన విద్యను మొదట కాగితముపై నుంచినవారు దానిని తమ దేశమునకు తీసికొనిపోదలచినవారే యగుట విధి విలాసము.

ఈ తీరమున గుడ్డలు తానులుగనే గాక, పావడలకు వలసిన ఆకారమునకు తగినట్లు, క్రిందిభాగమున అంచు తీగలతోగూడ వ్రాయబడుచుండెను. హాలెండువారికి ముదురెఱుపు నేల ఇష్టము. ఆంగ్లేయులకు తెల్లని నేల ఇష్టము. అచ్చటినుండి మాదిరులు వచ్చుచుండెను. మన పనివారు వానిని తమ చేతివాటమునకు అనుగుణముగా మార్చుచుండిరి. హాలెండునందలి హిండలోపెన్ ఊరి స్త్రీలు మన చీటిగుడ్డతో ‘వెంట్కె’ యను పొడవైన పై అంగీని కుట్టించుకొనుచుండిరి. ఎఱుపు వేడుకలకు, నీలముతోడి తెలుపు మైలదినములకు. ఎన్నడును చూడని యూరి స్త్రీల శుభాశుభములకు మన గుడ్డ సాక్షిగా నిలిచినది.

నిషేధములు, నేతవారి ఆకలి

ఇంతటి ఆదరము కలహమునకు దారితీయక మానలేదు. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపుగుడ్డలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వఱకు నిలిచెను. ఆంగ్ల పార్లమెంటు 1700లో చేసిన చట్టముచే తూర్పుదేశముల రంగుగుడ్డలను స్వదేశమున వాడుట నిషేధించెను. 1721లో మఱొక చట్టము చేసి, 1722 డిశంబరు 25వ తేదీనుండి అచ్చొత్తిన నూలుగుడ్డను ధరించుటయే నేరమని శాసించెను. ఈ రెండవ చట్టమునకు ముందు, 1719లో, లండను పట్టునేతవారు వీధులలో గుంపులుగా తిరిగి, పూలనూలు గౌను ధరించిన స్త్రీలను వెంబడించి, గౌనులను చింపిరి, వానిపై సిరాను, ఘాటైన ఆమ్లమును చల్లిరి.

ఈ వృత్తాంతమును మనము చదువునపుడు జాగ్రత్త వహింపవలెను. ఆ దౌర్జన్యము ఖండింపదగినదే. వీధిలో స్త్రీపై చేయివేయుట ఏ దేశమునందైనను నీచమే. కాని వారును మగ్గము నమ్ముకొనినవారు. మన గుడ్డ వారి ఊరికి వచ్చి వారి కంచములోని కూడు తీసినదని వారు నమ్మిరి. నూఱేండ్లు తిరిగినంతనే మాంచెస్టరు యంత్రపుగుడ్డ మన ఊళ్లకు వచ్చి మన కంచములోని కూడు తీసెను. అచ్చటి నేతవారిని కాపాడుటకు పార్లమెంటు చట్టము చేసెను; ఇచ్చటి నేతవారిని కాపాడుటకు ఏ పార్లమెంటును లేకపోయెను. ఈ భేదమే మన చరిత్రకు మూలము.

నిషేధించినను పూలగుడ్డపై మోజు తగ్గలేదు. దొంగరవాణా సాగెను, అనుకరణము ప్రబలెను. 1741లో లండనున ఫౌండ్లింగ్ ఆసుపత్రి యను అనాథశిశు రక్షణాలయము తెఱువబడెను. బిడ్డను పోషింపలేని తల్లులు శిశువును అప్పగించునపుడు, మరల వచ్చి గుర్తుపట్టుటకై గుడ్డముక్క నొకదానిని ఆ కాగితమునకు గ్రుచ్చుచుండిరి. 1741 మొదలు 1760 వఱకు అట్లు చేరిన ముక్కలు 5,000కు పైగా నేటికిని ఉన్నవి. వానిలో పువ్వులద్దిన గుడ్డలు విరివిగా గలవు. అవి మిక్కిలిగా ఆ దేశముననే అద్దిన అనుకరణములు. మన తీరపు గుడ్డలు కావు. అయినను కూటికి లేని తల్లియు ఒంటిపై ఒక పువ్వును కోరినదనుటకు అవి గుఱుతులు. ఆ కోరికను వారిదేశమున నాటినది మన తీరపు పువ్వు. రాణుల గౌనులకంటె ఈ చిన్న ముక్కలు ఆ శతాబ్దపు స్త్రీ హృదయమును ఎక్కువగా తెలుపుచున్నవి.

ఫ్రాన్సున నిషేధము తొలగిన 1759వ సంవత్సరముననే ఆంగ్లసేనాని ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరుకోటను పట్టుకొనెను. మఱునాటి యేడు, 1760లో, ఒబెర్కాంఫ్ అనువాడు పారిసు చెంత జూయి గ్రామమున అద్దకపు కార్ఖానాను స్థాపించెను. ఆంగ్లదేశమున 1774లో స్వదేశపు నూలుగుడ్డకు అనుమతి లభించెను. అట్టి గుడ్డ యంచున మూడు నీలిపోగులు నేయవలెనని నియమము పెట్టిరి. 1783లో థామస్ బెల్ అనువాడు లోహపు దొర్లుడుకొయ్యపై అచ్చుచెక్కి గుడ్డపై నిరంతరముగా నొత్తు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఇటు మన తీరమున కంపెనీ ముందుసొమ్ము ఇచ్చి నేతవానిని కట్టివేసి, తాను చెప్పిన వెలకే గుడ్డ తీసికొనుచుండెను. 1869 ప్రాంతమున చిరివేరునందలి ఎఱుపును రసాయనశాలలో చేయుట ఆరంభమైనది. చిరివేరు త్రవ్వువారికి పని లేకపోయెను. ఇట్లు రెండు తరములలో మగ్గమును, మఱి రెండు తరములలో వేరును మూలబడినవి.

అభిమానులు, పునర్నిర్మాణము

ఇరువదవ శతాబ్దమున ఈ పాతవేషమును తిరిగి కనుగొనినవారు గలరు. జానెట్ ఆర్నాల్డు అను ఆంగ్ల విదుషి మ్యూజియములలో పాతగౌనులను లోపలి కుట్టుతోసహా కొలిచి, గళ్లకాగితముపై గీసి 1964లో గ్రంథముగా ప్రకటించెను. నోరా వా అను మఱొక విదుషి 1968లో స్త్రీల దుస్తుల కత్తిరింపును గూర్చి గ్రంథము వ్రాసెను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు విలియంస్బర్గు పట్టణము 1926 మొదలు పదునెనిమిదవ శతాబ్దపు రూపునకు మరల తేబడినది. అచ్చటి కుట్టుకొట్టులో నేటికిని ఆనాటి విధమున యంత్రము లేక గౌనులు కుట్టుచున్నారు. ఈ గ్రంథములను ఆధారముగా గైకొని ఇండ్లలో కుట్టుకొను స్త్రీలు ఎందఱో గలరు. వారు తిమింగిలపు పలుకులకు మాఱు వేఱు పుల్లలు వాడుదురు; మిగిలిన ప్రతి కుట్టును ఆనాటిదే చేయ యత్నింతురు.

ఈ అభిమానమున ఒక మంచి యున్నది. చేతితో ఒక గౌను కుట్టినవారికి గాని ఆనాటి స్త్రీ శ్రమ తెలియదు. చిత్రములో నాజూకుగా కనబడు మడత వెనుక ఎన్ని గంటల సూదిపని గలదో వ్రేళ్లకు తెలియును. అట్లని ఆ కాలమును బంగారుకాలమని భ్రమింపరాదు. ఆ పట్టుగౌనుల దేశములే బానిసల వ్యాపారము చేసినవి. మన తీరపు నీలిగుడ్డలు ఆఫ్రికాతీరమున మనుష్యులకు వెలగా చెల్లినవి. వేషమును మెచ్చువారు ఈ సంగతిని దాచక చెప్పినప్పుడే వారి మెప్పు నిజమైనది.

అయితే ఆ పునర్నిర్మాణమున కొఱత యొక్కటి గలదు. అది గుడ్డ. కత్తిరింపు దొరకినది, కుట్టు దొరకినది, గుడ్డ దొరకలేదు. యంత్రపునూలు ఒకే సన్నదనముతో నుండును. చేతినూలు కొంచెము లావుగను, కొంచెము సన్నముగను వచ్చుటచే గుడ్డకు ప్రాణము వచ్చును, మడత వేఱుగా పడును. యంత్రముపై నొత్తిన పువ్వునకు అంచు బిగుసుకొనియుండును. కలముతో వ్రాసిన పువ్వు ప్రతిదియు తన తోడిదానికంటె కొంచెము వేఱుగా నుండును. మైనముతో కాపాడిన జుట్టువంటి తెల్లగీత ఏ యంత్రమునకును రాలేదు. కావున వారిలో వివేకముగలవారు నేడు తూర్పు దిక్కు చూచుచున్నారు.

మనయొద్ద మిగిలినది

శ్రీకాకుళము చెంత పొందూరున కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి, స్త్రీలు చేతితో వడికి, చేతితో నేయు పద్ధతి నేటికిని నిలిచియున్నది. చేప దవడయందలి సన్నని పండ్లు పత్తిపోగును చీల్చకుండ దువ్వును. ఏ లోహపు దువ్వెనయు ఆ పని చేయదు. బందరు చెంతనున్న పెడనలో చెక్క అచ్చులతో అద్దకము జరుగుచున్నది. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయు వ్రాతపని జరుగుచున్నది. అది దేవాలయముల కథాపటములకై వాడబడి, కమలాదేవి చట్టోపాధ్యాయగారి ప్రోద్బలముచే స్వాతంత్ర్యానంతరము మరల తలయెత్తినది. కాని ఈ మూడును ఒక గుడ్డపై కలసికొనుట అరుదు. పొందూరు గుడ్డ ఒకదారి, పెడన అచ్చు మఱొకదారి, కాళహస్తి కలము ఇంకొకదారి. చిరివేరునకు మాఱు రసాయనపు ఎఱుపు. పదునెనిమిదవ శతాబ్దపు చీటిగుడ్డలో ఈ మూడు విద్యలును ఒకేచోట నుండెడివి.

కావున మన మహాసభ పెద్దలకును పోషకులకును విన్నపములు కొన్ని చేయుచున్నాను.

మొదటిది: మగ్గపు మాటలను కూర్చవలెను. పడుగు, పేక, నాడె, పన్నె, పుంజము మొదలగు పదములు ఊరికొక తీరుగా నున్నవి. పెద్దలు పోయిన పిదప ఇవియు పోవును. కూర్దూ గురువు మన పనివారిని అడిగి వ్రాసికొనెను. మన తాతలను మనము అడుగలేమా? ప్రతి యూరి సంఘమును ఒక విద్యార్థికి ఒక చిట్టా పుస్తకమిచ్చి ఈ పని చేయింపవచ్చును.

రెండవది: మాదిరుల పుస్తకములు. బార్బరా జాన్సన్ తన గుడ్డముక్కలను గ్రుచ్చియుంచినట్లు, ప్రతి నేతయింటను తాము నేసిన ప్రతి రకమునుండి ఒక ముక్కను తీసి, నేసినవారి పేరు, ఊరు, సంవత్సరము, నూలు రకము, పట్టిన దినములు వ్రాసి యుంచవలెను. ఇందుకు ధనము వలదు, శ్రద్ధ చాలును.

మూడవది: పేరు. మన చేత అమ్ముడగు ప్రతి తానుపై నేసినవాని పేరును, వడికిన స్త్రీ పేరును ఉండవలెను. మ్యూజియపు ఫలకముపై ఖాళీగానున్న చోటును మనము వెనుకకుపోయి నింపలేము. రాబోవు ఫలకములనైనను ఖాళీగా విడువరాదు.

నాలుగవది: పోషకులైన వారు తమ యుదారత్వమును విద్యార్థివసతి గృహములతోను సత్రములతోను ఆపక, పొందూరు నూలుపై కాళహస్తి కలముతో చిరివేరు ఎఱుపును మరల నిలుపు ప్రయత్నమునకు కొంత ధనము కేటాయింపవలెను. ఒక కాలువగట్టు ఇసుకనేల, ఒక నేతయిల్లు, ఒక వ్రాతపనివాడు, మూడేండ్ల భృతి. ఇంతకంటె మొదట వలసినది లేదు. తయారైన గుడ్డకు కొనువారు గలరు. పాతవేషమును ప్రేమించి సూదిపట్టుకొని యెదురు చూచుచున్నవారు వారే. కాని వారిచ్చు వెల నేతవాని కష్టమునకు తగినదిగా నుండునట్లు చూచుట సంఘము పని. ముందుసొమ్ముతో నేతవానిని కట్టివేసిన కాలము మరల రాకూడదు. దేశాంతరమున మన గుడ్డ మెచ్చబడుచుండగా ఇచ్చట నేతవాని ఇల్లు చీకటిగా నుండుట ఒకసారి చాలును.

తామరతూళ్ల నారతో దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషి సంతతివారమని మనము సభలలో చెప్పుకొందుము. ఆ కథ మనకు గౌరవము. బందరు ఓడలకెక్కిన తానులు మన చరిత్ర. కథకు పూజ చాలును. చరిత్రకు లెక్క, పేరు, పని కావలెను. లేవార్డెనునను టొరొంటోనను గాజుపెట్టెలలో నున్న ఆ గౌనులు చిరిగిపోక నిలిచినది ధరించినవారి భాగ్యమువలన మాత్రమే కాదు. పడుగును బిగువు తప్పక నిలిపిన నేతవాని వలనను. అట్టి చేతులు మన యిండ్లలో నేటికిని ఉన్నవి. వానికి పనియు, పేరును, తగిన వెలయు కల్పింపవలసిన భారము ఈ మహాసభకు చేరిన మనయందఱిపై నున్నది.

స్వస్తి.